గుమ్మంలో అక్షరం చూశారా?

ఉస్మానియా బిస్కెట్ తెలుసు. ఉస్మానియా ఆస్పత్రి తెలుసు. తార్నాక చౌరస్తాలో ఎవర్నడిగినా ఉస్మానియా యూనివర్సిటీకి దారి చెబుతారు. మరి ఉస్మానియా సిక్కా? ఆ పేరెత్తగానే కళ్లు మెరిసేది ఇద్దరికే... ఎనభై దాటిన పెద్దవాళ్లకి, నాణేలు పోగేసేవాళ్లకి!

నిజానికి ఆ సిక్కాకీ, ఈ క్యాంపస్‌కీ దగ్గరి చుట్టరికమే. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పేరుతో 1918లో యూనివర్సిటీ మొదలైంది. సంస్థానం సొంతంగా కాగితం నోట్లు తెచ్చుకోవడానికి చట్టం చేసుకున్నదీ ఆ ఏడాదే. వెండి రూపాయి మాత్రం అంతకుముందు నుంచే ఉంది. 1903లో సైఫాబాద్‌లో కొత్త టంకసాల వచ్చింది. ఆ రోజుల్లోనే రూపాయి మీదికి చార్మినార్ ఎక్కింది.

ఆ చార్మినార్ గుమ్మంలోకి భూతద్దం పెట్టి తొంగిచూస్తే ఒక బుల్లి ఉర్దూ అక్షరం కనబడుతుంది. 'మీమ్' అయితే ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం నాటిది. 'ఐన్' అయితే ఉస్మాన్ అలీఖాన్ హయాం. 1911లో ఆయన గద్దెనెక్కిన కొత్తలో ఆ ఐన్ సగమే ఉండేది, తర్వాత నిండుగా వేశారు. మామూలు కంటికి అన్నీ ఒకటే రూపాయి. సేకరించేవాళ్లకి మాత్రం సగం ఐన్ వేరు, నిండు ఐన్ వేరు! ఆ నాణేల మీదే 92 అనే అంకె కూడా ఉంటుంది. అదేదో సంవత్సరం అనుకుంటే పొరపాటే. అక్షరాలకు అంకెల విలువ కట్టే అబ్జద్ లెక్కలో 'ముహమ్మద్' అన్న పేరుకు వచ్చే మొత్తం అది.

ఇలా అక్షరం వెంట పడేవాళ్లు కొందరైతే, కొందరికి నాణెం ఒక జ్ఞాపకం. లాలాగూడ రైల్వే క్వార్టర్ల నుంచి తార్నాక వీధుల దాకా పాత కుటుంబాల్లో ట్రంకుపెట్టె అడుగున ఓ గుడ్డమూట ఉండటం కొత్తేమీ కాదు. అందులో హాలీ రూపాయి, రెండు మూడు చిల్లు కానీలు, తాతగారి చేతి గడియారం. ఇక్కడి రూపాయి హాలీ, బ్రిటిష్ వారిది కల్దార్. ఏడు హాలీ రూపాయలిస్తే కాస్త అటూఇటుగా ఆరు కల్దార్లు. 1950 నుంచి భారత రూపాయితో పాటు చెలామణీ అయి, 1959తో హాలీ కథ ముగిసింది. ఈ మూట విప్పేవాళ్లకి ధరతో పనిలేదు. 'ఇది నాయనమ్మ పుట్టింటివాళ్లు ఇచ్చింది' అన్న ఒక్క మాటే దాని విలువ. చిక్కేమిటంటే, ఆ మాట చెప్పేవాళ్లు పోయాక అది ఉత్త వెండి బిళ్ల అయిపోతుంది. కంసాలి దగ్గర తూకానికి వెళ్లిపోయేవి ఎక్కువగా ఇలాంటివే.

అందరికంటే సుఖజీవులు వరస నింపుకునేవాళ్లు. వీళ్లకి మ్యూజియం అక్కర్లేదు, బస్సు కండక్టరు ఇచ్చే చిల్లర చాలు. నాణెం మీద ఏడాది అంకె కింద చూడండి. ఐదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌ది. డైమండ్ గుర్తు ఉంటే ముంబై, బొట్టులాంటి చుక్క ఉంటే నోయిడా. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. తార్నాక నుంచి నాచారం మీదుగా తూర్పుకి వెళ్తే వచ్చే చర్లపల్లికి 1997లో మన టంకసాల మారింది. అక్కడ తయారైన రూపాయి దేశమంతా తిరిగి ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో చిల్లరగా చేతికొస్తుంది. ఒక ఏడాదిది, నాలుగు టంకసాలలవీ దొరికితే ఆల్బంలో ఒక వరస నిండినట్టు. పదేళ్ల పిల్లలకి ఇంతకంటే చవకైన సరదా లేదు. పైసా ఖర్చు లేదు, ఎందుకంటే పెట్టిన రూపాయి రూపాయిగానే ఉంటుంది!

బొమ్మను బట్టి ఏరుకునేవాళ్లూ ఉన్నారు. 1970లో 'అందరికీ ఆహారం' పేరిట, 1973లో 'ఆహారోత్పత్తి పెంచండి' అంటూ నాణేలు వచ్చాయి. జాతీయ పోషకాహార సంస్థ ఉన్న తార్నాకలో ఆ వరస పోగేసేవాళ్లు లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. ఇక 1968 నుంచి కొన్నేళ్లపాటు వచ్చిన తామరపువ్వు ఇరవై పైసల బిళ్లది ఇంకో కథ. పసుపు రంగులో మెరిసే ఆ బిళ్లల్ని 108 కూడబెట్టి లక్ష్మీపూజకు వాడే ఇళ్లు ఎన్నో. 25 పైసలు, అంతకంటే చిన్న నాణేలన్నీ 2011 జూన్ 30 తర్వాత చెల్లకుండా పోయాయి. దేవుడి గదిలో మాత్రం ఆ తామరపువ్వు ఇప్పటికీ చెల్లుతోంది. ఆ ఇల్లాళ్లను ఎవరూ నాణేల సేకర్తలని అనరు. 108 దాకా ఓపిగ్గా కూర్చిన చేతుల్ని ఇంకేమనాలో మరి!

ఇంకో తెగ ఉంది. సంఖ్యలో చిన్నదే, పనిలో పెద్దది. వీళ్లకి నాణెం అందంగా ఉండక్కర్లేదు, అరిగిపోయినా ఫర్వాలేదు. 'ఇది ఎక్కడ దొరికింది?' అన్నదే వీళ్ల మొదటి ప్రశ్న. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల హాస్టళ్లలో చరిత్ర, పురావస్తు శాస్త్రం చదువుకునే పిల్లలకు గురువులు మొదట నేర్పేదీ ఈ ప్రశ్నే. దాని బలమేమిటో తెలియాలంటే గోదావరి ఒడ్డున ఉన్న కోటిలింగాల దాకా వెళ్లాలి. ఇప్పటి జగిత్యాల జిల్లాలోని ఆ ఊళ్లో వానలు పడ్డాక మట్టిలోంచి రాగి, సీసం బిళ్లలు తేలేవి. చాలామందికి అవి పనికిరాని ముక్కలు. ధర్మపురి ప్రాంతానికి చెందిన సంగనభట్ల నరహరి శర్మ వాటిని ఏరి దాచారు, శాసన పరిశోధకులు పి.వి.పరబ్రహ్మశాస్త్రి దృష్టికి తీసుకెళ్లారు.

బ్రాహ్మీ లిపి చదివిన శాస్త్రిగారికి ఎదురైన పేర్లు మామూలువి కావు. గోబద, నారన, సమగోప... ఏ పుస్తకంలోనూ కనబడని రాజులు. వాళ్లతో పాటు ఛిముక! శాతవాహన వంశానికి మూలపురుషుడని పురాణాలు, మహారాష్ట్రలోని నానేఘాట్ శాసనం చెబుతున్న సిముకుడే ఇతడని పండితులు పోల్చుకున్నారు. నానేఘాట్ దగ్గర మొదలైందనుకున్న కథకి గోదావరి ఒడ్డున తెలంగాణలో ఇంకో మొదలు దొరికింది. 1980 ప్రాంతంలో అక్కడ తవ్వకాలూ జరిగాయి. న్యూరోసర్జన్‌గా పేరున్న డాక్టర్ దేమె రాజారెడ్డి, పి.సూర్యనారాయణరెడ్డితో కలిసి కరీంనగర్ శాతవాహన నాణేలపై 1983లో పుస్తకమే తెచ్చారు. మెదడు ఆపరేషన్లు చేసే చేతులు తీరిక వేళల్లో రెండు వేల ఏళ్ల నాటి సీసం బిళ్లల్ని తిప్పి చూశాయన్నమాట!

ఆ బిళ్లలే కోటిలింగాల నుంచి మూటగట్టి జుమేరాత్ బజార్లో అమ్మేసి ఉంటే? ఏ ఊరివో తెలియని పాత ముక్కలుగా చేతులు మారేవి. ఛిముకుడి పేరు చదివేవారేమోగానీ, అతడి ఊరు మాత్రం దొరికేది కాదు.

ఇక మిగిలింది డబ్బు కోసం పోగేసేవాళ్లు. ఇదీ తప్పేం కాదు, కొనేవాడూ అమ్మేవాడూ లేకపోతే ఏ అభిరుచీ బతకదు. కానీ మోసాలు పుట్టేది ఇక్కడే. వైష్ణోదేవి బొమ్మతో 2012లో వచ్చిన అయిదు, పది రూపాయల నాణేలకు లక్షలు పలుకుతాయని ప్రచారం సాగింది. అవి పెద్దసంఖ్యలో విడుదలై చేతులు మారిన మామూలు నాణేలు. ఫోన్ చేసి 'మీ పాత నాణెం మేమే కొంటాం, ముందు కమీషన్ కట్టండి' అంటూ రిజర్వు బ్యాంకు పేరు వాడుకునే ముఠాలు ఎంత ముదిరాయంటే, తాము అలాంటి వ్యవహారాలు చేయబోమని, ఎవరికీ ఫీజులు కట్టొద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది. కొనేవాడు డబ్బివ్వాలిగానీ అడగడం ఏమిటి? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు.

నాణెం విలువను ఇంట్లోవాళ్లే పోగొట్టే పద్ధతి ఇంకోటుంది... తోమడం! పండగ ముందు ఇత్తడి సామానుతో పాటు పాత నాణేలకూ చింతపండు పట్టించి, పీతాంబరి పొడితో రుద్ది తళతళలాడించేస్తారు. చింతపండులోని ఆమ్లం పైపొరతో పాటు అరిగిన అక్షరాల అంచుల్నీ తినేస్తుంది. తెలిసినవాళ్లు మెరిసే పాత రాగి నాణేన్ని చూస్తే ముఖం చిట్లిస్తారు. మట్టి ఉంటే మంచినీళ్లలో కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కాగితం కవరులో పెట్టాలి. ఎవరిచ్చారు, ఎక్కడ దొరికింది, ఎప్పుడు... ఈ మూడూ ఆ కవరు మీదే రాసిపెట్టాలి.

పొలంలో దొరికితే మాత్రం కవరు చాలదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దొరికినదాని విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు చెప్పాలి. ప్రభుత్వం దాన్ని తీసుకోదలిస్తే ఆ లోహం ఖరీదు, దానిమీద అయిదో వంతు కట్టిస్తుంది. వెండి బంగారాలకైతే సరేగానీ, సీసం బిళ్లలకి ఆ లెక్కన వచ్చేది ఎంతని? రైతు గుట్టుగా కంచరి దగ్గరికి వెళ్లడానికి సగం కారణం ఈ లెక్కే. చట్టం చేసినవాళ్లు తూకం చూశారుగానీ అక్షరం చూడలేదు.

2024లో సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో పురావస్తు శాఖ తవ్వకాల్లో ఒక మట్టికుండ బయటపడింది. అందులో 3,730 సీసం నాణేలు. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ గుర్తు. ఇక్ష్వాకుల కాలం నాటివని తేల్చారు. తవ్వినవాళ్లు కుండ ఉన్న చోటు, లోతు, పక్కన ఉన్న వస్తువులు అన్నీ ముందు రాసుకుని, ఆ తర్వాతే నాణేలు లెక్కపెట్టారు.