యాభై ఏళ్లు నిండేదాకా తుక్కేనా?

1985లో తిరువొత్తియూరు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన బుల్లెట్ ఒకటి ఇవాళ్టికీ హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్‌లో తిరుగుతోందనుకోండి. సర్కారు లెక్కలో అది ఎప్పుడో వదిలించుకోవాల్సిన సరుకు. పదిహేనేళ్లు దాటిన మోటార్‌సైకిల్ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కి ఒకప్పుడు 300 రూపాయలు సరిపోయేవి. 2022 ఏప్రిల్ నుంచి 1,000 చేశారు. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటిన వాటికైతే 2,000 అన్నారు. ఐదేళ్లకోసారి ఇదే వరస. బండి ఎలా ఉంది, ఏడాదికి ఎంత తిరుగుతోంది, ఎంత పొగ వదులుతోంది అన్నవి ఈ ఫీజుకి అక్కర్లేదు. పుట్టిన తేదీ చాలు.

అదే బండికి 2035లో యాభై నిండితే రాత్రికి రాత్రి వారసత్వ సంపద అయిపోతుంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండికి ప్రత్యేక గుర్తింపు దొరుకుతుంది. కొత్తగా రిజిస్టర్ చేయిస్తే 20,000, తిరిగి చేయించుకుంటే 5,000. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ గుర్తింపు తీసుకున్నాక మాత్రం ఆ బండి మీద రోజూ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనకు తీసుకెళ్లొచ్చు, వింటేజ్ ర్యాలీలో నడపొచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు, రిపేరు చేయించుకోవచ్చు. కొత్తపేట దాకా కూరగాయలకు వెళ్తే నిబంధన తప్పినట్టే.

ముప్పై ఐదేళ్లు జరిమానా, ఆపైన సన్మానం చేసి గృహనిర్బంధం. ఇదా వారసత్వాన్ని కాపాడే పద్ధతి? యాభై నిండాలంటే ముందు ఆ మధ్యలోని ముప్పై ఐదేళ్లు బండి బతకాలి. ఎవరో ఒకరు దాన్ని బతికించాలి. ఆ పని చేస్తున్నవాళ్ల జేబుకే చిల్లు పెట్టి, చివర్లో మిగిలిన నాలుగు బళ్లకు దండలు వేస్తానంటున్న చట్టం ఇది. నాకు దీని మీద కోపం ఉంది. దాచుకోను.

ఆ ఇనప ముద్దలో కాపాడాల్సినంత ఏముంది అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్ల కోసమే ఈ నాలుగు ముక్కలు.

బ్రిటన్‌లో ట్రయల్స్ అని ఒక మోటార్‌సైకిల్ పోటీ ఉంది. వేగంతో దానికి పని లేదు. రాళ్లు, బురద, వాగులు, నిలువు గుట్టలు. వాటి మీదుగా కాలు కింద పెట్టకుండా బండిని నడిపించాలి. కాలు ఆనిందంటే ఒక మార్కు పోతుంది. బండి ఆగిందంటే ఐదు పోతాయి. ఎవరు తక్కువ పోగొట్టుకుంటే వాళ్లదే గెలుపు. స్కాట్లండ్‌లో ఆరు రోజులు సాగే పోటీని ఈ విద్యకు గీటురాయిగా చూస్తారు. 1961లో గోర్డన్ జాక్సన్ ఏజేఎస్ బండి మీద ఆ ఆరు రోజులూ తిరిగి పోగొట్టుకున్నది ఒకే ఒక్క మార్కు! శామీ మిల్లర్ నడిపిన ఏరియల్‌ని అక్కడి అభిమానులు జీఓవీ 132 అన్న నంబరుతో సహా గుర్తుపెట్టుకున్నారు. ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో ఆ బండి భద్రంగా ఉంది.

మన బుల్లెట్ కూడా ఆ వంశంలోదే. వెనక చక్రానికి స్ప్రింగులు పెడితే రాళ్ల మీద పట్టు చిక్కదని అనుభవజ్ఞులు పెదవి విరిచే రోజుల్లో, 1948 కోల్మోర్ కప్ ట్రయల్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ అలాంటి బండినే దింపింది. అదే ఏడాది ఇటలీలోని శాన్ రెమోలో జరిగిన అంతర్జాతీయ ఆరు రోజుల పోటీలో విక్ బ్రిటన్, చార్లీ రోజర్స్ బుల్లెట్ల మీద బంగారు పతకాలు తెచ్చారు. విక్ కొడుకు జానీ బ్రిటన్ 1952లో 350 బుల్లెట్ మీద స్కాట్లండ్ పోటీయే గెలిచాడు. 1957లో మళ్లీ గెలిచాడు.

1955లో రాయల్ ఎన్‌ఫీల్డ్, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాని మొదలుపెట్టాయి. అప్పటికే మన సైన్యం సరిహద్దు దారుల కోసం ఏరికోరి తీసుకున్న బండి బుల్లెట్. ఇంగ్లండ్‌లో రెడ్డిచ్‌లోని అసలు ఫ్యాక్టరీ 1967లో మూతపడింది. ఇక్కడ మాత్రం ఆ పోత ఇనుప ఇంజను దశాబ్దాల పాటు అలాగే తయారైంది. బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, మొత్తం 346 సీసీ. పిస్టన్ ఎక్కువ దూరం కదలడం, లోపల ఫ్లైవీలు బరువుగా ఉండడం వల్ల నడక వేగంలో కూడా ఆగిపోకుండా లాగుతుంది. స్కాట్లండ్ బండరాళ్ల మీద గెలిపించిన గుణం అది. ఇబ్రహీంపట్నం వైపు నుంచి పాలక్యాన్లు కట్టుకుని మట్టిరోడ్ల మీద సిటీకొచ్చిన మనుషులకు అన్నం పెట్టింది కూడా ఆ గుణమే. ఆ దారిలోని ఎల్బీనగర్ 2007లో జీహెచ్ఎంసీలో కలిసేదాకా విడి మున్సిపాలిటీ. ఇవాళ మెట్రో స్తంభాలు, అండర్‌పాస్‌లు చూస్తున్నవాళ్లకు అప్పటి గుంతల దారులు ఊహకందవు.

సరూర్‌నగర్ చెరువు వెనక ఓ గల్లీలో నేను కళ్లారా చూసింది చెప్తాను. ఏపీ 29 నంబరు బుల్లెట్, కుడి గేరుది. హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకుంటున్న కుర్రాడు దాన్ని ఊళ్లో తాత దగ్గర్నుంచి తెచ్చుకున్నాడు. కిక్ రాడ్డు మీద ఒళ్లంతా వేసి తొక్కబోయాడు. మెకానిక్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఆగు బేటా! ముందు సూది సూడు.”

హెడ్‌లైటు పైన చిన్న బిళ్లంత యాంపియర్ మీటరు. తాళం తిప్పితే సూది ఎడమకు ఒరిగింది. కిక్‌ని మునికాలితో మెల్లగా కిందికి నొక్కించాడు. ఒకచోట సూది చటుక్కున నడిమికొచ్చి నిలబడింది. అంటే ఇగ్నిషన్ పాయింట్లు విడిపోయాయి, పిస్టన్ పైకంటా వచ్చింది. అప్పుడు డికంప్రెసర్ లివరు పట్టించి, వెంట్రుకవాసి ఇంకా కిందికి దించించాడు. లివరు వదిలి, కిక్‌ని పైకి రానిచ్చి, ఆపైన ఒక్క తోపు. ఇంజను అందుకుంది. సూది చూడకుండా బలం చూపించబోతే కిక్ ఎదురు తంతుంది. చీలమండ పోగొట్టుకున్నవాళ్లున్నారు.

పాఠం అక్కడితో ఆపలేదు ఉస్తాద్. గేరు పైకి ఒకటి, కిందికి మూడు. ఎడమ కాలి కింద బ్రేకు. గేర్ల మధ్య న్యూట్రల్ దొరక్క తంటాలు పడకుండా, మూడో గేరులో ఉన్నా నాలుగులో ఉన్నా మడమతో ఒక్క నొక్కు నొక్కితే న్యూట్రల్‌కొచ్చే చిన్న పెడల్ చూపించాడు. “ఇగ కాలు దించకుంట గల్లీ చివరిదాక పోయి మర్లి రా. క్లచ్చు సగమే ఇడువు. బండి నిన్ను మొయ్యాలె, నువ్వు బండిని కాదు.” గల్లీ నిండా ఇసక కుప్పలు, మంచినీళ్ల పైపు కోసం తవ్విన కందకం. కుర్రాడు మూడుసార్లు కాలు దించాడు. స్కాట్లండ్‌లోనైతే మూడు మార్కులు పోయేవి. ఇక్కడ ఉస్తాద్ తిట్టిన తిట్లు మూడు.

ఇది విద్య. ఏ కాలేజీలోనూ లేదు, ఏ పుస్తకంలోనూ పూర్తిగా లేదు. ఆ చేతుల్లోంచి ఇంకో చేతుల్లోకి పోతేనే ఉంటుంది. దీనికి ఈ నగరం ఇస్తున్న విలువెంత? చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం రోల్స్ రాయిస్‌ని టికెట్ కొని చూసొస్తాం. చూడాల్సిందే, నాకు దాని మీద పగ లేదు. కానీ పాలవాడి బండి, కానిస్టేబుల్ బండి, ఊరి కాంట్రాక్టర్ బండి చరిత్ర కాకుండా ఎలా పోతాయి? రాజు ఎక్కితేనే చరిత్రా? ఆ రోల్స్ రాయిస్ లేకపోతే ఈ ఊళ్లో ఎవరి బతుకూ ఆగేది కాదు. బుల్లెట్టూ రాజ్‌దూతూ లేకపోతే ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదు.

తప్పంతా సర్కారుదే అని చేతులు దులుపుకోను. బుల్లెట్ ప్రేమికులమని చొక్కాల మీద రాయించుకుని తిరిగే మనవాళ్ల సంగతేమిటి? పాత పోత ఇనుప బండి దొరికిందంటే ముందు మడ్‌గార్డులు కోస్తారు. ఛాసిస్ కోసి అతికిస్తారు. లావుపాటి టైరు తొడిగి, సైలెన్సరు పీకి, ఇన్నర్ రింగ్ రోడ్డు మీద అర్ధరాత్రి ఆస్పత్రుల ముందు నుంచి మోత మోగించుకుంటూ పోతారు. కాలు కింద పెట్టకుండా చీమలా పాకడం కోసం పుట్టిన బండిని చెవులు చిల్లులు పడే చప్పుడుగా మార్చారు. ఒకసారి ఛాసిస్ కోశాక ఆ బండికి యాభై నిండినా వింటేజ్ గుర్తింపు రాదు, అసలు రూపం పోయింది కాబట్టి. యాభై ఏళ్ల చరిత్రని ఒక్క పూట వెల్డింగుతో చంపేస్తున్నారు, దానికి ప్రేమ అని పేరు పెడుతున్నారు. 2021లో ‘బుల్లెట్టు బండి’ పాట తెలుగు పెళ్లిళ్లన్నిటా మోగింది. సంతోషమే. ఆ పెళ్లి ఊరేగింపుల్లో ఎంతమందికి ఆ బండి పాయింట్ల గ్యాప్ సరిచేయడం వచ్చు?

కంపెనీ సంగతీ అంతే. 2019లో బుల్లెట్ ట్రయల్స్ అని 350లో, 500లో రెండు బళ్లు తెచ్చింది. ధర 1.62 లక్షలు, 2.07 లక్షలు. పైకి లేపిన సైలెన్సరు, గళ్ల టైర్లు, రంగు వేసిన ఫ్రేము. జానీ బ్రిటన్ పేరు ప్రకటనలకు పనికొచ్చింది. ఆ విద్య నేర్పే మైదానాల గురించి మాట లేదు. మరుసటి ఏడాది బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి ఆ పేరు కూడా ఎగిరిపోయింది.

పొగ సంగతి తేల్చుదాం. పాత కార్బ్యురేటర్ ఇంజను కొత్తదానికంటే ఎక్కువ పొగ వదులుతుంది. నిజం, కాదనను. అయితే ఆ పొగని కొలిచే యంత్రం ఎన్నో పెట్రోలు బంకుల పక్కన ఉంది కదా. కొలవండి. ఫెయిలైతే బండి ఆపండి, బాగు చేయించుకుని రమ్మనండి. పాసైన బండిని వయసు చూసి ఎందుకు కొడుతున్నారు? మూసారాంబాగ్ నుంచి ఎల్బీనగర్ చౌరస్తా దాకా పొద్దున్నా సాయంత్రం కదలకుండా నిలబడి పొగ కక్కుతున్నవి వారానికి రెండుసార్లు బయటికొచ్చే పాత బుల్లెట్లా? ఒక్కో మనిషిని మోస్తూ వరసగా ఆగిన కార్లు కాదా? ఉన్న బండిని బాగుచేసి వాడుకోవడం పర్యావరణానికి ద్రోహమట, దాన్ని తుక్కు చేసి, కొత్త ఇనుము కరిగించి మరోటి కొనడం సేవట! ఈ లెక్క బళ్లు అమ్ముకునేవాడికి లాభం. గాలికి ఏం ఒరుగుతుంది?

మన దగ్గర లైసెన్సు కావాలంటే ఎనిమిది అంకె వేసి చూపించాలి, కాలు కింద పెట్టకుండా. అది ట్రయల్స్ కాక ఇంకేమిటి? పరీక్ష పెడతారు, నేర్చుకునే చోటు చూపించరు. స్కాట్లండ్‌కి కొండలున్నాయని గొప్పలు పోనక్కర్లేదు. హైదరాబాద్ గ్రానైట్ గుట్టల వయసు 250 కోట్ల సంవత్సరాలు. సాగర్ రోడ్డు పొడుగునా ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. వెంచర్ల కోసం వాటిని పేల్చి కంకర చేస్తున్నారు. అందులో ఒక్క గుట్టని ఉంచండి. వారానికి ఒక పూట పిల్లల్ని అక్కడికి పంపండి. సైలెన్సరు పీకి అరవాలన్న దురద, నడక వేగంలో ఒక బండరాయి ఎక్కిన రోజునే వదులుతుంది.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. పొగ పరీక్షా ఫిట్‌నెస్సూ పాసైన బండికి వయసు చూడకుండా ఒకటే ఫీజు పెట్టండి. పాతికేళ్లు దాటి అసలు రూపంలో ఉన్న బండికి అప్పుడే రక్షణ ఇవ్వండి, యాభై దాకా ఆగకండి. వింటేజ్ గుర్తింపు ఉన్న బండిని యజమాని రోజూ నడుపుకునే వీలు కల్పించండి. నడిపితేనే ఇంజను బాగుంటుందని ఏ మెకానిక్‌ని అడిగినా చెప్తాడు. ఐటీఐల్లో వారానికి రెండు క్లాసులు ఈ ఉస్తాదులకు ఇవ్వండి, సర్టిఫికెట్లు అడగకుండా జీతం ఇవ్వండి. పుత్లీబౌలి దుకాణాల్లో కుడి గేరు సామాన్లు ఇంకా దొరుకుతున్నాయి. వాటిని బిగించడం తెలిసిన చేతులే తగ్గిపోతున్నాయి. ఫీజులు, వింటేజ్ నిబంధనలు దిద్దాలంటే ఢిల్లీ కదలాలి. ఉస్తాద్‌ని ఐటీఐకి పిలవడానికి, సాగర్ రోడ్డు మీద ఒక గుట్టని వదిలేయడానికి ఢిల్లీ అనుమతి ఎందుకు?