తప్పు కార్డుది కాదు

మన హోసూరు సంఘం గ్రంథాలయంలో పెద్దల మాటలు, పాటలు వినిపించే చిన్న కంప్యూటరు 10 రోజులుగా మొరాయిస్తోంది గదా. ఆన్ చేస్తే మెమరీ కార్డు దగ్గరే టైమౌట్ అని ఆగిపోయేది. కార్డు పోయింది, పారేయండని అమ్మినవాళ్ళు అన్నారు. అదే కార్డు లాప్‌టాప్‌లో పెడితే పాటలన్నీ పలికాయి!

మన పిల్లలు బోర్డును లేపే మొదటి ప్రోగ్రాము, అంటే యు-బూట్ బూట్‌లోడరు, తెరిచి చూశారు. కార్డు సిద్ధం కావడానికి 1 సెకను గడువివ్వాలని ఎస్‌డీ కార్డుల నియమం. ఈ బోర్డుకని రాసిన డ్రైవరేమో గడియారం చూడదు. ఇన్నిసార్లు అడుగుతాను, పలక్కపోతే వదిలేస్తాను అంటుంది. ప్రాసెసరు వేగంగా ఉంటే ఆ లెక్క సెకను కాకముందే అయిపోతుంది. మన ముసలి కార్డు పాపం, అప్పటికింకా లేవదు.

ఆ అంకె పెంచేసి ఊరుకుందామని కొందరన్నారు. మేము ఒప్పుకోలేదు. రేపు ఇంకా వేగమైన బోర్డు కొంటే మళ్ళీ ఇదే గోల. మిల్లీసెకన్లు కొలిచే ఏర్పాటు యు-బూట్‌లో ఉండనే ఉంది, దానితోనే కొలవాలి. ఆ సవరణను మన దగ్గరే దాచుకోకుండా యు-బూట్ వాళ్ళకూ పంపాలి. వాళ్ళ కోడు మనం ఊరికే వాడుకుంటున్నదేగా.

సవరించాక నిన్న 20 సార్లు ఆపి, మళ్ళీ వేశాం. ఒక్కసారీ ఆగలేదు. పంపేముందు ఇంకో రెండు పాత కార్డులతో చూడాలి. మీ ఇళ్ళలో మూలపడ్డవి ఉంటే ఆదివారం తెచ్చివ్వండి.