పోలీసులకూ నెలనెలా పాఠం కావాలి

అంగన్‌వాడీ టీచర్‌కి నెలనెలా మీటింగు ఉంటుంది. కొత్త రిజిస్టరు వచ్చిందంటే ఎలా నింపాలో కూర్చోబెట్టి చెబుతారు. ఆశా కార్యకర్త పీహెచ్‌సీకి వెళ్లి టీకాల సంగతి విని వస్తుంది. బడిపంతుళ్లకు శిక్షణ తరగతులు ఉండనే ఉన్నాయి. మరి మన కష్టం రాసుకునే పోలీసాయనకు? ఉద్యోగంలో చేరేటప్పుడు కానిస్టేబుల్‌కి తొమ్మిది నెలలు ట్రైనింగ్ ఇస్తారు. కవాతు, తుపాకీ, చట్టం అన్నీ అందులోనే. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా సర్వీసు. ఇన్నేళ్లలో చట్టం ఎన్నిసార్లు మారుతుందో, ఆ మార్పు ఆయన దాకా ఎలా వస్తుందో మనం ఎప్పుడైనా అడిగామా?

అడగాల్సిన అవసరం మనకే ఎక్కువ. స్టేషన్‌కి వెళ్లిన ఆడమనిషికి ఎస్పీగారు ఎదురు రారు. రిసెప్షన్‌లో కూర్చున్న కానిస్టేబులో, రైటరో ఎదురవుతారు. వాళ్ల నోట వచ్చే మొదటి మాటే ఆమెకు చట్టం. ఆ మాట తప్పయితే ఆమె మళ్లీ ఆ మెట్లెక్కదు.

మన మిర్యాలగూడ సంగతే చూడండి. వాడపల్లి దగ్గర కృష్ణ దాటితే ఆంధ్రప్రదేశ్. 2014కి ముందు ఒకే రాష్ట్రం. అప్పుడూ ఇప్పుడూ ఇచ్చిపుచ్చుకోవడాలు మాత్రం ఆగలేదు. దాచేపల్లి, పిడుగురాళ్ల వైపు మన ఆడపిల్లల్ని ఇస్తాం, అటు నుంచి కోడళ్లను తెచ్చుకుంటాం. కోదాడ వాళ్లకు జగ్గయ్యపేటతో అంతే. అంటే దెబ్బలు తిన్నది ఒక రాష్ట్రంలో, తలదాచుకున్నది ఇంకో రాష్ట్రంలో.

మాకు తెలిసినవాళ్ల అమ్మాయి అలాగే వచ్చింది. కట్నం బాకీ పేరుతో రెండేళ్లు పడరాని మాటలు పడి, చంటిదాన్ని చంకనేసుకుని పుట్టింటికి చేరింది. తల్లిని తోడు తీసుకుని స్టేషన్‌కి వెళ్లింది. ఏ స్టేషనన్నది ఇక్కడ అనవసరం.

"అత్తగారిదే ఊరమ్మా?"

"దాచేపల్లి దగ్గర సార్."

"అయితే ఆడనే ఇయ్యాలె. మా లిమిట్స్‌ల రాదు."

"ఆడికి పోతే నన్ను బతకనియ్యరు సార్."

"మేమేం జేస్తం బిడ్డా? రూల్ అట్లుంది."

ఆ పెద్దమనిషి చెడ్డవాడేం కాదు. పాప ఏడుస్తుంటే మంచినీళ్లు తెప్పించాడు కూడా. కానీ రూల్ అట్లా లేదు. 2019 ఏప్రిల్ 9న రూపాలీదేవి కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది: అత్తింటి క్రూరత్వం భరించలేక బయటికొచ్చిన భార్య ఎక్కడ తలదాచుకుంటే అక్కడే 498ఏ కేసు పెట్టొచ్చు. ఒంటి మీద దెబ్బ అత్తింట్లో పడినా, మనసుకు తగిలిన దెబ్బ పుట్టింట్లోనూ నొప్పిపెడుతూనే ఉంటుంది కాబట్టి నేరం అక్కడితో అయిపోలేదన్నది ఆ తీర్పు సారాంశం. ఇది జీరో ఎఫ్ఐఆర్ కంటే మెరుగు. జీరో ఎఫ్ఐఆర్ అంటే ఇక్కడ రాసుకుని అక్కడికి పంపుతారు, ఆ తర్వాత ఆమె అక్కడికే తిరగాలి. ఈ తీర్పు ప్రకారం అయితే దర్యాప్తూ ఇక్కడే, వాయిదాలూ ఇక్కడే. చంటిపిల్లతో కృష్ణ దాటి కోర్టుకు తిరగడానికీ, ఇంటి నుంచి ఆటోలో పోయి రావడానికీ తేడా ఎంతో తల్లులకు వేరే చెప్పాలా?

లీగల్ సర్వీసెస్ లాయరు ఆ తీర్పు ప్రింటు తీసి ఇస్తేగానీ కేసు కట్టలేదు. మూడు వారాలు గడిచాయి. ఈ మూడు వారాల లెక్క రేపు కోర్టులో చెప్పుకోవాల్సింది ఎవరు? ఆమే. "ఇంటికొచ్చిన వెంటనే ఎందుకు ఫిర్యాదు ఇవ్వలేదు? ఆలోచించి అల్లిన కథ కాదా ఇది?" అని ఎదుటి లాయరు అడుగుతాడు. స్టేషన్‌లో ఒకరికి తెలియని సంగతికి బోనులో జవాబు చెప్పుకోవాల్సింది ఈ పిల్ల.

అసలు తెలియకపోవడం కంటే సగం తెలియడం ఇంకా ప్రమాదం. అర్నేష్‌కుమార్ కేసులో 2014లో సుప్రీంకోర్టు, 498ఏ కేసుల్లో యాంత్రికంగా అరెస్టులు చేయొద్దంది. న్యాయమైన మాటే, అమాయకపు ఆడబిడ్డల్నీ ముసలి అత్తల్నీ జైల్లో పెట్టమని మనమూ అనం. కానీ "అరెస్టు తొందర వద్దు" అన్నదాన్ని "కేసే కట్టొద్దు" అని అర్థం చేసుకున్నవాళ్లున్నారు. కౌన్సెలింగ్ దీ అంతే. రాజీ కుదిరితే సంతోషమే. నెలల తరబడి "వచ్చే సోమవారం రండి" అంటేనే వచ్చింది చిక్కు. కొత్త బీఎన్ఎస్ఎస్ 173వ సెక్షన్‌లో దీనికి గడువుంది. మూడేళ్ల నుంచి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో ప్రాథమిక విచారణ చేసుకోవచ్చు, అదీ 14 రోజుల్లో ముగించాలి. ఆ పద్నాలుగు రోజుల సంగతి మనకూ తెలియదు, వాయిదాలు వేసేవాళ్లలో కొందరికీ తెలియదు.

2024 జులై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 498ఏ ఇప్పుడు 85, 86 సెక్షన్లు. వరకట్న చావు 304బీ కాస్తా 80 అయింది. నంబర్లు మారితే ఏముంది, బట్టీ పడితే వస్తాయి అనుకుంటాం. చిక్కు అక్కడ లేదు. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత చట్టం, తర్వాతి దానికి కొత్తది. మరి 2023లో మొదలై 2025 దాకా సాగిన వేధింపుకి? రెండూ తెలిసినవాడే రాయగలడు. ఇక ఫోన్‌లో వచ్చిన బెదిరింపులు. మనవాళ్లు వాట్సాప్ వాయిస్ మెసేజ్‌లు భద్రంగా దాచుకుని వెళ్లి వినిపిస్తారు. కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద దానికి సర్టిఫికెట్ జత చేయకపోతే కోర్టులో అది నిలవడం కష్టం. వినిపించిన అమ్మాయి సాక్ష్యం ఇచ్చేశాననుకుంటుంది, పాపం.

కొత్త చట్టాలొచ్చినప్పుడు పోలీసులకు తరగతులు పెట్టారు. పెట్టలేదనడం అన్యాయం. కానీ ఒక్కసారి పెట్టిన క్లాసు ఎన్నాళ్లు గుర్తుంటుంది? వంట నేర్చుకున్న పిల్ల కూడా చేయకపోతే మరిచిపోతుంది.

మన ఊరు మరిచిపోలేనిది 2018 సెప్టెంబరు 14. కులాంతర వివాహం చేసుకున్న యువకుణ్ణి, గర్భిణి అయిన భార్య పక్కనుండగానే ఆసుపత్రి బయట నరికి చంపారు. సుపారీ ఇచ్చి చేయించిన హత్య. పోలీసులు ఆ గొలుసునంతా కోర్టు ముందు పెట్టగలిగారు. 2025 మార్చి 10న నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. దర్యాప్తు పద్ధతిగా చేస్తే ఏమవుతుందో చూపించిన కేసది. అయితే ఆ హత్యకు ఆరు నెలలైనా ముందు కాదు, 2018 మార్చి 27న శక్తివాహిని కేసులో సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పి ఉంది: ఇలాంటి జంటల కోసం జిల్లాకో ప్రత్యేక సెల్ ఉండాలి, ఇరవై నాలుగ్గంటల హెల్ప్‌లైన్ ఉండాలి, ప్రాణభయం ఉన్నవాళ్లకు రక్షణ గృహం ఉండాలి, పోలీసులకు ఈ విషయంలో అవగాహన కల్పించాలి అని. ఢిల్లీలో వచ్చిన తీర్పు మండల కేంద్రంలో టేబుల్ దగ్గర కూర్చున్నవాడికి చేరడానికి ఎన్ని నెలలు పట్టాలి? ప్రాణం పోయాక చేసే దర్యాప్తు ఎంత గొప్పదైనా ఆ పిల్లకు భర్తను తెచ్చివ్వలేదు.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టరు కనిపించడం లేదని వెళ్లిన ఇంటివాళ్లకు ఎదురైందీ ఈ లిమిట్స్ గొడవే. ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్లను సస్పెండ్ చేశారు. 2021 జూన్‌లో అడ్డగూడూరులో దొంగతనం అనుమానంతో తెచ్చిన దళిత మహిళ పోలీసు కస్టడీలో ప్రాణం విడిచింది. అక్కడ ఒక ఎస్సై, ఇద్దరు కానిస్టేబుళ్ల ఉద్యోగాలే పోయాయి. ఈ రెండోదాన్ని మాత్రం తెలియనితనం కింద జమకట్టడానికి నాకు మనసొప్పదు. మనిషిని కొట్టకూడదని తెలియడానికి ట్రైనింగ్ అక్కర్లేదు.

రిటైరైన ఒక హెడ్ కానిస్టేబుల్‌తో ఈ మాటలన్నీ అంటే ఆయన నవ్వాడు. "మాకు చదువుకునే టైమ్ ఎక్కడిదమ్మా? పొద్దున బందోబస్తు, మధ్యాహ్నం కోర్టు డ్యూటీ, రాత్రి గస్తీ. క్లాసుకు పిలిస్తే నిద్రొస్తది." నిజమే. అందుకే నేను హైదరాబాద్ అకాడమీకి పంపమనడం లేదు. అక్కడికి పోయేది ఆఫీసర్లు, రాసుకునేవాళ్లు ఇక్కడే ఉండిపోతారు.

మన ఊళ్లో కోర్టుంది, ఏరియా ఆసుపత్రి ఉంది, డీఎస్పీ ఆఫీసుంది. నెలకు ఒక పూట, సగం స్టాఫ్ ఒకసారి, సగం స్టాఫ్ ఇంకోసారి కూర్చుంటే చాలు. దాన్ని డ్యూటీగానే లెక్కించాలి, సెలవు తీసుకుని రమ్మంటే ఎవరూ రారు. ప్రభుత్వ లాయరు వచ్చి ఆ నెల కొట్టేసిన కేసుల తీర్పులు చదివి వినిపించాలి. ఎక్కడ సంతకం మరిచారు, ఎక్కడ పంచనామా తేడా వచ్చింది, ఎవరి మాటను రైటరు తన మాటల్లో మార్చి రాశాడు అన్నవి సొంత స్టేషన్ కేసుల్లోంచే తెలియాలి. డాక్టరమ్మ వచ్చి గాయాల సర్టిఫికెట్ గురించి చెప్పాలి. దామరచర్ల తండాల నుంచి వచ్చే లంబాడీ తల్లులు, రైస్‌మిల్లుల్లో పనికొచ్చిన బీహారు, ఒడిశా కుటుంబాలు తమ గోడు తెలుగులో చెప్పలేరు. వాళ్ల మాట తెలిసినవాళ్లను ఎలా పిలిపించుకోవాలో కూడా పాఠమే. ఏటా ఒక చిన్న పరీక్ష పెట్టి ప్రమోషన్‌కి ముడిపెడితే నిద్ర దానంతటదే పోతుంది.

ఈలోగా మనం చేయగలిగింది కొంత ఉంది. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం హక్కు, 1987 చట్టంలోనే ఉంది. ఊళ్లో కోర్టు దగ్గర మండల లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ ఫిర్యాదు ఇచ్చినవాళ్లకు ఉచితంగా, వెంటనే ఇవ్వాలి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఇక మహిళా సంఘాలు ఈసారి మార్చి 8కి డీఎస్పీగారిని సన్మానానికి పిలిచినప్పుడు శాలువాతో పాటు ఒక అర్జీ కూడా ఇస్తే బాగుంటుంది. నెలకు ఒక పూట క్లాసు, మొదటి నెల రూపాలీదేవి తీర్పు.