వానవేళ ముందరి యద్దము



క్రిందటి సంవత్సరము విజయదశమినాడు నేను చేసిన యొక పొరపాటును మీతో చెప్పుకొనవలెనని యీ నెల కలము పట్టితిని. తప్పును దాచుకొన్నచో నది యొక్కరికే పాఠమగును; పదుగురిలో చెప్పినచో పదుగురికిని పనికివచ్చును.

మా కారు పాతది. అయినను బడిపిల్లల పరీక్షపత్రములు మొదలు మా యత్తగారి మందులవఱకు అన్నిటిని మోయుచున్నది. ఆనాడు దానిని కడిగి, ముందరి యద్దముపై పసుపుతోను గంధముతోను బొట్లు పెట్టితిని. వైపరుల రబ్బరు వెలవెలబాఱి కనబడగా, నిగనిగలాడునని కొబ్బరినూనె గుడ్డతో రుద్దితిని. చూచుటకు చక్కగానే యుండెను.

నాలుగు దినముల తరువాత రాజమహేంద్రవరమునుండి రాత్రివేళ తిరిగి వచ్చుచుండగా వాన పట్టుకొనెను. మావారు వైపరులు వేసిరి. అవి జాఱుటకు మాఱుగా టకటక యెగిరిపడుచు, పోయినంతమేర జిడ్డుచాఱలు విడిచెను. ఎదుట వచ్చు లారీ దీపముల వెలుతురు ఆ జిడ్డుపై బడగా అద్దమంతయు తెల్లని తెఱవలె నయ్యెను. లారీ దాటిపోవగనే, మా బండికి నాలుగు మూరల దూరమున, తలపై గోనెసంచి కప్పుకొని సైకిలు నడిపించుకొని పోవుచున్న ముసలివాడొకడు కనబడెను. మావారు బ్రేకు నదిమిపట్టిరి. బండి నిలిచెను. ఆ తాత వెనుకకైనను చూడక తన దారిని తాను పోయెను. మా యిద్దరికిని చాలసేపు నోట మాట రాలేదు.

మఱునాడు మెకానిక్కు వచ్చి రబ్బరును వ్రేలితో తడవి, "అమ్మగారూ, దీనికి నూనె ఎవరు రాశారండీ?" అని యడిగెను. "నేనే, నాయనా" అంటిని. అతడు నవ్వలేదు. "కొత్తవి కొనకండమ్మా. ముందు కడిగి చూద్దాం" అనెను. అతనివలన నేర్చుకొన్నదానిని వరుసగా వ్రాయుచున్నాను.

మొదట కారణము తెలియవలెను. రబ్బరు అంచు తాను పోవు దిక్కునకు వెనుకగా కొంచెము వాలి, నీటిని త్రోయుచు సాగవలెను. తిరుగుచోట రెండవప్రక్కకు వాలవలెను. అద్దముపై జిడ్డుగాని మెఱుగుమైనముగాని యున్నను, ఎండకు రబ్బరు గట్టిపడినను, అంచు ఒకచోట నంటుకొని, వంగి, చటుక్కున జాఱి, మఱల నంటుకొనును. ఆ గంతులే మనకు వినబడు టకటక. బడిలో నల్లబల్లపై సుద్దముక్కను నిలువుగా బట్టి వ్రాసిన కిఱ్ఱుమనుటయు నిట్టిదే యని మావారు చెప్పిరి.

మొదటి పని అద్దమును శుభ్రపఱచుట. ముందు నీళ్లు ధారాళముగా పోసి ఇసుకను, దుమ్మును పోగొట్టవలెను. లేనిచో గుడ్డతో రుద్దునపుడు గీతలు పడును. పిదప అద్దములు తుడుచు ద్రవముతో నిదానముగా తుడిచి, మఱల కడుగవలెను. ఉప్పునీటి మచ్చలున్నచో, నీళ్లు కలిపిన వినెగరుతో తుడిచి వెంటనే కడిగివేయవలెను. కడిగిన యద్దముపై నీరు పొరవలె పఱచుకొన్నచో జిడ్డు పోయినట్లు. ముత్యములవలె విడివిడిగా నిలిచినచో నేదో పూత యింకను మిగిలియున్నట్లు.

రెండవది రబ్బరు. వైపరు చేతిని మెల్లగా పైకెత్తి, తడిగుడ్డతో అంచు పొడవునను తుడువవలెను. జిడ్డు వదలనిచో మందులషాపులో దొరకు ఐసోప్రొపైల్ ఆల్కహాలును గుడ్డపై కొంచెము పోసి ఒకటి రెండుమారులు తుడిచిన చాలును. అది నిప్పంటుకొను వస్తువు. దీపమునకు, పొయ్యికి దూరముగా నుంచవలెను. నూనె, కిరసనాయిలు, పెట్రోలు రబ్బరుకు తగిలింపరాదు.

మరకలే రోగమును తెలుపును. సన్నని గీత ఒకేచోట పడుచున్నచో అంచున ఇసుకరేణువైన నుండును, లేదా అచ్చట రబ్బరు చిరిగియుండును. వెడల్పుగా మసక క్రమ్మినచో జిడ్డని యెఱుగునది. ఒకచోట నీరు తుడుపుపడక నిలిచిపోయినచో, అచ్చట రబ్బరు అద్దమునకు సరిగా నానుట లేదు.

అంతయు శుభ్రపఱచినను ఒకవైపు పోవునపుడు మాత్రమే గంతులు వేయుచున్నచో, వైపరు చేయి మెలిపడి యుండవచ్చును. ఆగియున్నపుడు రబ్బరు అద్దముపై నిటారుగా నిలువవలెను. ఆ మెలికను సరిచేయుట మనపని కాదు, మెకానిక్కునకు విడువవలెను.

రబ్బరు చిరిగినను, బిరుసెక్కినను మార్చక తప్పదు. సాధారణముగా నాఱుమాసములనుండి సంవత్సరమువఱకు పనిచేయును. మన యెండలకు ముందే చెడవచ్చును. పలు కార్లలో రెండువైపుల పొడవు లొకటిగా నుండవు గనుక కొలిచి కొనుడు. పాతది తీసినపుడు అద్దముపై మడతపెట్టిన తువాలు పఱువుడు. స్ప్రింగు బలముచే ఉత్తచేయి వచ్చి కొట్టినచో అద్దమే పగులవచ్చును. పొడియద్దముపై వైపరులను ఎన్నడును త్రిప్పకుడు.

ఈ సాధనమునకు పేటెంటు పొందినవారిలో మొదటివరుసలో నిలిచినది ఒక స్త్రీయని తెలిసి సంతసించితిని. అమెరికాలోని అలబామా రాష్ట్రమునకు చెందిన మేరీ ఆండర్సన్ 1903లో, బండి లోపలినుండి చేతితో త్రిప్పు తుడుపుకఱ్ఱకు హక్కు పొందెను. దానివలన నామెకు ధనలాభము కలుగలేదు. 2011లో నామె పేరును ఆ దేశపు ఆవిష్కర్తల గౌరవశ్రేణిలో చేర్చిరి.

కడిగిన తరువాత మా పాత వైపరులే చప్పుడు లేక పనిచేసెను. ఖర్చు స్వల్పము. అయినను ఆ తాత నడక నా కన్నులయెదుటనుండి తొలగలేదు. తానెంత చేరువలో గండము దాటెనో యతడెఱుగడు, నేనెఱుగుదును. ఈ దసరాకు మా బండికి బొట్టు బోనెట్టుపైననే పెట్టుదును. అద్దమునకు మాత్రము మంచినీళ్లు, శుభ్రమైన గుడ్డ. దానికి తగిన పూజ యదియే యని నా మనవి.