ఉంగరాల జుట్టు

పిల్లలూ! మీలో ఉంగరాల జుట్టు వున్నవాళ్ళు ఎందరు? మీ జుట్టు చూసి ఎవరైనా "పిచ్చుకగూడు" అని వెక్కిరిస్తారా? అయితే ముందుగా నేను చేసిన తప్పొకటి చెబుతాను, వినండి.

నేను హెడ్మాస్టరుగా వున్న రోజులలో, ఒక వానాకాలం ఉదయం ఆరో తరగతి పిల్ల ఒకతె జుట్టంతా రేగి ప్రార్థనకు వచ్చింది. "తల దువ్వుకుని రా!" అని గదిమి పంపాను. పాపం, ఎవరి దువ్వెనో అడిగి పుచ్చుకుని దువ్వుకు వచ్చింది. జుట్టు మరింత పొంగింది! పిల్లలంతా ఘొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

సాయంత్రం వాళ్ళ అమ్మమ్మ వచ్చి, "రోజూ నేనే దువ్వి పంపుతున్నాను, బాబూ. ఈ జుట్టు పొడిగా దువ్వితే పొంగుతుంది. తడిపి దువ్వాలి," అన్నది. ఎన్నో ఏళ్ళుగా సైన్సు చెబుతున్న నాకు ఆ సంగతి తట్టనే లేదు! మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ ఆ పిల్లను క్షమించమని అడిగాను.

జుట్టు ఎందుకు మెలి తిరుగుతుంది? చర్మంలో వెంట్రుక మొలిచే కుదురు వంకరగా వుంటే వెంట్రుక కూడా మెలి తిరిగి వస్తుంది. తిన్నని వెంట్రుకను అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే ఇంచుమించు గుండ్రంగా వుంటుంది. ఉంగరాల వెంట్రుక కోలగా వుంటుంది. ఇది తలిదండ్రుల నుంచీ, తాతముత్తాతల నుంచీ వచ్చే లక్షణం. దువ్వెనకు లొంగేది కాదు.

తలలో ఊరే నూనె తిన్నని వెంట్రుక వెంట సులువుగా జారుతుంది, మెలికల వెంట జారలేదు. అందుకే కొసలు ఎండిపోతాయి. పైగా వెంట్రుక గాలిలోని తేమను పీల్చుకుని సాగుతుంది. జెనీవా శాస్త్రజ్ఞుడు సొస్యూర్ 1783లో ప్రకటించిన గ్రంథంలో, మనిషి వెంట్రుకతోనే గాలిలోని తేమను కొలిచే పరికరాన్ని వర్ణించాడు! వానాకాలంలో మీ జుట్టు పొంగటంలో మీ తప్పేమీ లేదన్నమాట.

ఇక చెప్పేది అమ్మకు కూడా చదివి వినిపించండి. తలంటికి ముందు కొబ్బరినూనె పట్టించాలి. కుంకుడు రసం నూనెను బాగా లాగేస్తుంది (కళ్ళలో పడితే ఏమవుతుందో మీకే తెలుసు!), గనక వారానికి ఒకటి రెండుసార్లు చాలు. తరవాత మందారాకు నలిపి తీసిన జిగురు పట్టిస్తే చిక్కులు జారుతాయి. తడి వెంట్రుక సులువుగా తెగుతుంది. అందుచేత జుట్టును పాయలుగా విడదీసి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొసల దగ్గర మొదలుపెట్టి మెల్లిగా పైకి రావాలి. ఆ పైన జిగురు కడిగెయ్యాలి.

తువ్వాలుతో రుద్దకండి. పాత నూలుగుడ్డతో అద్దితే చాలు. తడిసినప్పుడు వెంట్రుకలోని కొన్ని సన్నని బంధాలు వీడి, ఆరేటప్పుడు మళ్ళీ కుదురుకుంటాయి. గనక ఒక్కొక్క పాయనూ వేలికి చుట్టి వదిలి, పూర్తిగా ఆరేదాకా ముట్టుకోకుండా వుంటే ఉంగరాలు చక్కగా నిలుస్తాయి. రాత్రి పడుకునేటప్పుడు వదులుగా జడ వేసుకోవాలి.

బడికి వెళ్ళే హడావిడిలో తలంతా తడపనక్కరలేదు. అరచేతులు తడిచేసుకుని జుట్టు మీద నిమిరి, వేళ్ళతోనే సర్దుకోవచ్చు. ఆ అమ్మమ్మ రోజూ చేసే పని అదేనట.