ఆర్కిడ్ గంజి, మన మోకాళ్లు



రెండు నెలల నుంచి మన పేటల్లో ఒక పొడి తిరుగుతున్నది. చిన్న డబ్బా, మీద ఊదా రంగు ఆర్కిడ్ పువ్వు బొమ్మ. చైనా మొక్క నుంచి తీసిన సత్తు అట, వాపు తీస్తుందట, మోకాళ్ల నొప్పి పోతుందట. బీడీలు చేసే అక్కలు, సాంచాల దగ్గర నిలబడి నిలబడి కాళ్లు అరిగిన అన్నలు నన్ను అడిగిండ్రు, కొనాల్నా వద్దా అని. డబ్బా ధర వారం పగార్ కంటె ఎక్కువ ఉన్నది. అందుకే ఈ నెల దీని సంగతే. మందుల విషయం ఫార్మసీ చదివిన మా చిన్న బిడ్డ విడమర్చి చెప్పింది. గంజి విషయం మాత్రం సైజింగ్ ఖాతాలో పనిచేసినోణ్ని, నాకు తెలిసిందే.

ముందు మొక్క సంగతి. మన పెండ్లి స్టేజీల మీద పెట్టే ఊదా పూలు చాలావరకు డెండ్రోబియం జాతివి. చైనావాళ్లు మందుకు వాడేది ఆ జాతిలోనే ఇంకో మొక్క, డెండ్రోబియం అఫిసినేల్. దాని చైనా పేరుకు ఇనుప తోలు అనే అర్థం వస్తుంది. వాడేది పువ్వు కాదు, కాడ. కాడను వేడి మీద వంచి, చుట్టలు చుట్టి ఎండబెడతరు. నమిలితే జిగురు జిగురుగా ఉంటుంది. ఆ జిగురే అసలు సరుకు. చైనా ప్రభుత్వ మందుల పుస్తకంలో 2010లో ఈ మొక్కకు వేరే స్థానం ఇచ్చిండ్రు. ఎండు కాడలో ఈ జిగురు పదార్థం నూటికి 25 పాళ్లకు తగ్గొద్దని అందులో రూలు.

ఈ జిగురును చదువుకున్నోళ్లు పాలీశాకరైడ్ అంటరు. అంటే చక్కెర గింజలు గొలుసు లెక్క ఒకదానికొకటి అతుక్కొని ఉండడం. ఇది మనకు కొత్త కాదు. పడుగుకు పెట్టే గంజి పాలీశాకరైడే. ఆ పడుగు పత్తి కూడా పాలీశాకరైడే. రెండింటిలోనూ ఉన్నది ఒకటే చక్కెర, గ్లూకోజు. అతుకు వేరు, అంతే. అతుకు వేరైనందుకే ఒకటి నీళ్లలో ఉడికి గంజి అవుతుంది, ఇంకొకటి బట్ట అయి ఏండ్లు నిలుస్తుంది. ప్రాసెస్ హౌసులో కోరా బట్టను ఎంజైమ్ నీళ్లల్ల నానబెడితే గంజి కరిగి పోతుంది, పత్తికి ఏం కాదు. ఆ ఎంజైమ్‌కు గంజి అతుకు ఒక్కటే తెలుసు. మన ఉమ్మిలో కూడా అసుంటిదే ఉన్నది. అన్నం చాలాసేపు నమిలితే తియ్యగ అయ్యేది అందుకే.

ఆర్కిడ్ జిగురులో గ్లూకోజుతో పాటు మానోజు అనే ఇంకో చక్కెర ఎక్కువ. దాని అతుకు గంజి అతుకు కాదు, పత్తి అతుకు తీరు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, ముందట పనికొస్తది.

ఇప్పుడు దాన్ని ఎట్ల తీస్తరో చూద్దాం. ఎండు కాడను పొడి చేసి, ముందు ఆల్కహాలుతో కడిగి రంగు, కొవ్వు, విడి చక్కెరలు తీసేస్తరు. తర్వాత వేడి నీళ్లల్ల గంటా రెండు గంటలు ఉడికిస్తరు. జిగురు నీళ్లలోకి దిగుతుంది. వడగట్టి, ఆ నీళ్లను మరిగించి చిక్కబరుస్తరు. అందులో మూడు నాలుగింతలు ఆల్కహాలు పోస్తే జిగురు తెల్లగా పోగులు పోగులుగా విడిపడి అడుక్కు దిగుతుంది. రాత్రంతా చల్లగా ఉంచి, గిర్రున తిప్పే మిషన్లో పెట్టి వేరు చేస్తరు. తర్వాత ప్రోటీను తీసెయ్యాలె, ఉప్పులు పొయ్యేటట్టు కడగాలె, చలిలోనే ఆరబెట్టాలె.

సైజింగ్ చేసినోళ్లకు ఇక్కడి కిటుకు ఇట్టే తెలుస్తది. గంజి ఎక్కువసేపు ఉడికితే, పులుపు తగిలితే గొలుసులు తెగి పల్చబడుతుంది, పడుగుకు బలం రాదు. ఈ జిగురుకూ అంతే. కాడ వయసు, వేడి, ఎంతసేపు ఉడికింది, ఎంత ఆల్కహాలు పోసిండ్రు, వీటిని బట్టి గొలుసు పొడుగు మారుతుంది, గుణం మారుతుంది. కాబట్టి 'ఆర్కిడ్ సత్తు' అని డబ్బా మీద ఒక్క మాట రాస్తే లోపల ఏమున్నదో తెలిసినట్టు కాదు.

వాపు తీస్తుందనే మాట ఎక్కడిది? అది ఉత్త పుకారు కాదు. లాబులో ఎలుక రక్షణ కణాలను గిన్నెలో పెంచుతరు. వాటికి బ్యాక్టీరియా పొర నుంచి తీసిన పదార్థం తగిలిస్తే అవి రేగి, వాపు పుట్టించే రసాయనాలు వదులుతయి. ఆర్కిడ్ జిగురు కలిపితే ఆ రసాయనాలు తగ్గినయని పరీక్షల్లో కనబడ్డది. ఎలుకల మీద కూడా పరీక్షలు చేసిండ్రు. ఇది మంచి పనే. కానీ గిన్నెలో జిగురు నేరుగా కణం మీద పడుతుంది. మనం తాగితే అట్ల పడదు. అతుకు పత్తి తీరు అని చెప్పిన కదా, మన ఉమ్మి, కడుపు దాన్ని తెంపలేవు. చాలావరకు పెద్దపేగు దాకా పోయి, అక్కడి బ్యాక్టీరియాకు తిండి అవుతుంది. పేగుకు దానితో మేలు ఉండొచ్చు. అదే జిగురు నెత్తుట్ల కలిసి మోకాలు దాకా పోయి వాపు తీస్తుందంటే మాత్రం నమ్మొద్దు.

మరి 'రెండు రోజులల్ల నొప్పి పోయింది' అని కొందరంటున్నరు. నాకు భయం పుట్టించేది ఆ మాటే. చక్కెర గొలుసు రెండు రోజులల్ల నొప్పి తియ్యదు. మూలికల పేరుతో అమ్మే నొప్పుల పొడుల్లో డెక్సామెథాసోన్ అసుంటి స్టెరాయిడ్ కలపడం మన దేశంలో ఎన్నోసార్లు బయటపడ్డది. అది ఉంటే నొప్పి తొందరగా తగ్గుతది, ఆకలి పెరుగుతది, మొఖం ఉబ్బుతది. షుగరు, బీపీ పెరుగుతయి, ఎముకలు పెళుసు అవుతయి. చాలా రోజులు తిని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. ఇప్పటికే తింటున్నోళ్లు డబ్బా పట్టుకొని డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు ఆపండి.

కొనే ముందు డబ్బా తిప్పి చూడండి. తిండి సరుకైతే ఎఫ్ఎస్ఎస్ఏఐ 14 అంకెల నంబరు ఉండాలె. ఆయుర్వేద మందైతే తయారీ లైసెన్సు నంబరు, బ్యాచి, తారీఖు, ఏమేం కలిపిండ్రో ఉండాలె. అవి లేకుంటే ఎంత తియ్యగ మాట్లాడినా వద్దనండి.

ఇంకో సంగతి. బజార్లో అమ్మే సాలం మిస్రీ కూడా ఆర్కిడ్ దుంపే. హిమాలయాల నుంచి వస్తది. దుంప తవ్వితే మొక్క పోయినట్టే. ఆర్కిడ్ గింజ దుమ్ము లెక్క సన్నగ ఉంటది, లోపల తిండి ఉండదు, అడవిలో ఒక రకం బూజు తోడుంటేనే మొలకెత్తుతది. బూజు లేకుండా చక్కెర నీళ్ల మీద మొలిపించడం 1922లో అమెరికాలో నడ్సన్ అనే శాస్త్రవేత్త చూపించిండు. ఆ దారినే చైనాలో ఇప్పుడు షెడ్లలో పెంచుతున్నరు. అడవి దుంపలకు ఆ భాగ్యం లేదు.

చివరికి మోకాలి మాట. పొద్దున లేచినంక గంట దాకా చేతివేళ్లు బిగుసుకొని ఉంటే, కణుపులు రెండు చేతులకూ వాస్తే, ఒక్క నెల కూడా ఆగకుండ సివిల్ దవాఖానకు పోండి. అది కీళ్లను తినే జబ్బు కావచ్చు. తొందరగా మందు మొదలుపెడితే కీళ్లు నిలుస్తయి. పొడులతో గడిపిన నెలలు తిరిగి రావు. వయసుతో అరిగిన మోకాలైతే బరువు తగ్గించుడు, కుర్చీల కూచొని కాలు చాపి తొడకు బలం తెచ్చే కసరత్తు, డాక్టరు రాసిన మందు. వారం పగార్ డబ్బా కంటె ఇవి నయం.

వచ్చే నెల పత్తి దుమ్ము, సోమవారం దగ్గు గురించి రాస్త.