వస్తువుకూ ఒక ఆయుష్షు ఉన్నది

ఆయుర్వేదమంటే ఆయుష్షును గూర్చిన శాస్త్రమని పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. మనిషి ఆయుష్షును గూర్చి మనమెంతో చర్చించుకుంటాం. తెల్లవారినది మొదలు పడుకునేవరకు మన చేతిలో మెలగే వస్తువుల ఆయుష్షును మాత్రం ఎవరూ తలచుకోరు. ప్రతి వస్తువుకూ ఒక పుట్టుక, ఒక ప్రయోజనం, ఇంతకాలం పనిచేయాలనే ఒక లెక్క ఉంటాయి. ఆ పుట్టుకను మరచి, ఒక్కపూట వాడదగిన దానిని నెలల తరబడి వాడుతున్నాం. ఏళ్ల తరబడి నిలువవలసిన దానిని ఒక్కపూటకే పారవేస్తున్నాం. మన ఇళ్లలోని అనారోగ్యంలో కొంత పాలు ఈ తారుమారు వలననే కలుగుతున్నదని నా అభిప్రాయం.

పందుంపుల్ల - బ్రష్షు

వాగ్భటాచార్యుడు అష్టాంగహృదయంలో పందుంపుల్లకు కొలతలు కూడా చెప్పాడు. చిటికెనవేలి కొనంత లావు, పన్నెండు వ్రేళ్ల వెడల్పంత పొడవు ఉండాలి, వంకర లేకుండా ఉండాలి. జిల్లేడు, మర్రి, చండ్ర, కానుగ, మద్ది వంటి చెట్ల పుల్లలు పనికివస్తాయి. చిగుళ్లకు బాధ కలుగకుండా తోముకోవాలి. జ్వరం, దగ్గు, ఉబ్బసం, నోటిపూత ఉన్నవారు దానిని వాడరాదని కూడా హెచ్చరించాడు. ఇది ఒక్కపూట వస్తువు. తోముకుని పారవేస్తే మట్టిలో కలుస్తుంది. రేపటికి మరొక పుల్ల.

బ్రష్షు పుట్టుక వేరు. ఇంగ్లండులో విలియం ఆడిస్ 1780 ప్రాంతంలో ఎముక పిడికి జంతువుల వెండ్రుకలు బిగించి బ్రష్షులు తయారు చేయించి అమ్మాడు. 1938లో అమెరికాలో నైలాను కుచ్చు వచ్చింది. తడిని పట్టి ఉంచే వెండ్రుకల కంటె ఇది శుభ్రమైనదే. క్రొత్తది గనుక చెడ్డదనే వాదం నాది కాదు. అయితే మూడు నాలుగు నెలలకొకసారి దీనిని మార్చాలని దంతవైద్యులు చెబుతుండగా, కుచ్చు పువ్వులా విచ్చుకుపోయినా ఏడాది పొడవునా దానితోనే తోముకునే ఇళ్లు అనేకం. అరిగిన కుచ్చు పళ్లను శుభ్రం చేయదు, చిగుళ్లను మాత్రం గీస్తుంది. పుల్లను ఏ రోజుకారోజు మార్చిన జాతికి బ్రష్షును ఋతువుకొకసారి మార్చడం భారం కారాదు.

నీటి బిందె - నీళ్ల సీసా

మా గణపవరం ప్రాంతం గోదావరి కాలువల నీటితో బ్రతుకుతున్నది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ డెల్టాలో కాలువలు విస్తరించాయి. వరద రోజులలో కాలువ నీరు ఎర్రగా, బురదగా వచ్చేది. అప్పుడు పెద్దలు చిల్లగింజను అరగదీసి బిందెలో కలిపేవారు. కొంతసేపటికి మట్టి అడుగుకు దిగి, పైన తేటనీరు నిలిచేది. సుశ్రుతుడు నీటిని తేర్చే ద్రవ్యాలలో దీనినే కతకమన్నాడు. అయితే మట్టి దిగడం వేరు, క్రిమి చావడం వేరు. తేరిన నీటిని కాచి త్రాగడమే క్షేమం.

రాగి పాత్ర విషయంలో నేటి పరిశోధన కూడా పెద్దల మాటకు బలమిచ్చింది. బెంగుళూరు పరిశోధకులు 2012లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, నీటిని 16 గంటలు రాగి కుండలో ఉంచితే అందులో కలిపిన కలరా, విరేచనాల క్రిములు నశించాయి. అట్లని పులుసు, మజ్జిగ, నిమ్మరసం రాగి, ఇత్తడి పాత్రలలో ఉంచరాదు. పులుపుకు లోహం కరుగుతుంది. అందుకే కదా ఇత్తడి గిన్నెలకు కళాయి పుట్టింది! నవాసాగరం పొగలో తగరం మెరిసేలా కళాయి పూసేవారు వీధిలోకి వచ్చినంతకాలం, ఒక్కొక్క గిన్నె మూడు తరాలు నడిచింది.

ఇక పలుచని ప్లాస్టిక్కు సీసా. అమెరికాలో నథానియెల్ వైయత్ 1973లో పేటెంటు పొందిన సీసా ఇది. గాసు ఒత్తిడికి పగలకుండా సోడా పానీయాలను నింపి అమ్మడం దాని ప్రయోజనం. ప్రయాణంలో కొన్న ఆ సీసానే మనం నెలల తరబడి నింపి పిల్లల బడిసంచిలో, ఆఫీసు బల్లపై ఉంచుతున్నాం. దాని ఇరుకు మూతిలోకి చేయి పోదు, లోపలి జిగట కడగబడదు. వేడినీటికి అది తట్టుకోదు. ఇంట్లో బీరువా మీద బోర్లించిన రాగి చెంబును దించండి. పిల్లలకు వెడల్పు మూతి గల స్టీలు సీసా కొనండి.

కలం

ఆఫీసు వస్తువులలో మన గోదావరి సీమకు పేరు తెచ్చినది కలం. గాంధీజీ స్వదేశీ పిలుపు నందుకుని కోసూరి వెంకటరత్నం గారు రాజమహేంద్రవరంలో 1932లో స్థాపించిన రత్నం కలం నేటికీ పేరెన్నికగన్నదే. పాళీ అరిగితే మార్చవచ్చు, సిరా అయిపోతే నింపవచ్చు. అది జీవితకాలపు వస్తువు. హంగేరీ దేశీయుడు లాజ్లో బిరో 1938లో బాల్ పెన్నుకు పేటెంటు పొందాడు. 1950లో ఫ్రాన్సులో మార్సెల్ బిక్ దానిని చౌక చేశాడు. వాడి పారవేసే అలవాటు కలానికి ఆ తరువాత బాగా అంటుకున్నది. నొక్కి వ్రాయవలసిన బాల్ పెన్ను కంటె, తేలికగా సాగే సిరా కలం వ్రేళ్లకు సుఖమని గుమాస్తా పని చేసినవారికి తెలుసు.

సంచి

అన్నిటికంటె విచిత్రమైనది ప్లాస్టిక్కు సంచి కథ. స్వీడన్ దేశీయుడు స్టెన్ గుస్టాఫ్ తులిన్ రూపొందించిన ఈ చేతిసంచికి 1965లో పేటెంటు లభించింది. కాగితపు సంచుల కోసం చెట్లు నరకడం తగ్గాలనే తన తండ్రి దీనిని తలపెట్టాడని, ఆయన తన సంచిని మడిచి జేబులో పెట్టుకుని మళ్లీమళ్లీ వాడేవాడని ఆయన కుమారుడు తరువాతి కాలంలో చెప్పాడు. అటువంటి సంచిని మనం పది నిమిషాల వస్తువును చేశాం.

ఇంతకంటె హాని మరొకటి ఉన్నది. మరుగుతున్న సాంబారు, టీ పలుచని కవర్లలో కట్టించుకుని తెచ్చుకుంటున్నాం. వేడికి, నూనెకు ప్లాస్టిక్కులోని రసాయనాలు ఆహారంలోకి దిగుతాయి. ఆ కవరు చివరకు కాలువలో పడుతుంది. మా కాలువలు, మురుగుకోడులు చేరే కొల్లేరు 2002లో రామ్‌సర్ చిత్తడి నేలగా అంతర్జాతీయ గుర్తింపు పొందిన సరస్సు. దాని నీరు సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. కవర్లు అడ్డుపడితే మురుగు వెనుకకు తంతుంది, దోమ పెరుగుతుంది. పైవాడు పారవేసిన కాలువ నీటినే క్రిందివాడు చెరువులో నింపుకుని త్రాగుతాడు. 120 మైక్రానుల కంటె పలుచని సంచులను ప్రభుత్వం 2022 చివరినుండి నిషేధించినా, బజారులో అవి దొరుకుతూనే ఉన్నాయి. అడిగేవారు ఉన్నంతకాలం అమ్మేవారు ఉంటారు.

కావున గృహిణులకు, గృహస్థులకు నా మనవి ఒక్కటే. ఒక ఆదివారం వంటింటిని, వ్రాతబల్లను పరికించండి. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది ఎందుకు పుట్టింది, ఎంతకాలానికి పుట్టింది అని ప్రశ్నించండి. కాలం చెల్లిన బ్రష్షును, సీసాను తీసివేయండి. కాలం మిగిలి ఉన్న బిందెను, కారియరును, గుడ్డసంచిని తిరిగి పనిలో పెట్టండి. ఇందుకు పెద్ద ఖర్చు లేదు, వైద్యుని చీటీ అవసరం లేదు.